మూడేళ్ళు కోయని మడి

యుద్ధం జరుగుతున్న రోజులు. మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి వెనక ఇళ్ళలో మా కాపురం. మా ఆయన అక్కడే కాంపౌండరు. పెద్ద నర్సుగా ఉన్న దొరసాని మా పెరట్లో కూరగాయలు చూసి, ఒకరోజు చిన్న పొట్లం నా చేతిలో పెట్టింది. వాళ్ళమ్మ తోటలోని ఆస్పరాగస్ విత్తనాలు; దాని లేత మొలకలే వాళ్ళకు కూరట. ఓడలు ఆగిపోయి ఆమె వాళ్ళ ఊరికి పోలేకపోయింది. ఇంకో పొట్లం వచ్చే దారి లేదు.

"మూడేళ్ళు కోయకూడదు. తర్వాత మొదటి కోత నాకు," అంది వచ్చీరాని తెలుగులో. సరేనన్నాను. మాటిస్తే తప్పను నేను. అదే నా రోగం.

మడి లోతుగా తవ్వి పేడ ఎరువు, బూడిద, మాగిన ఆకు వేశాను. దారాల్లాంటి సన్నని ఆకులతో మొక్కలు గుబురుగా లేచాయి. "పువ్వా, కాయా? యాల పెంచుతాండావమ్మా దీన్ని?" అని పక్కింటావిడ ఎగతాళి. "నీ నోటికి తాళం వేసేదానికి," అనేదాన్ని. లేత మొలకలు నోరూరిస్తున్నా ఒక్కటి తుంచలేదు.

మూడేళ్ళూ నిండాయి. వానలు పడగానే కోయాలి. అంతలో నాకు కాన్పయింది. ఆడపిల్ల. నాకు పాలు చాలలేదు. మా అమ్మ లేదు కాబట్టి పుంగనూరు నుంచి అత్త వచ్చింది. పిల్ల ఆకలికి ఏడుస్తుంటే ఆమే కళ్ళొత్తుకునేది.

ఒకరోజు పొద్దున పెరట్లో రోటి చప్పుడు.

"ఏం నూరుతాండావత్తా?"

"పిల్లిపీచర గడ్డలమ్మా. పాలు పడతాయి. కొండకు పోవాలేమో అనుకుంటి. నీ పెరట్లోనే ఉండాది గదా!"

పిల్లిపీచర మా కొండల్లో పెరిగే ముళ్ళ తీగ. బాలింతలకు దాని గడ్డలే మందు. ఆకు మాత్రం అచ్చం ఆస్పరాగస్ ఆకే. మడి వైపు చూశాను. అన్నీ గుంతలే.

అత్త కొట్టింది అడుగోటి కుండ అంటారు. ఇది మాత్రం కొత్త కుండే. కడుపు మండి నోటికొచ్చినట్టు అరిచాను. దొరసానికి ఇచ్చిన మాట కూడా అప్పుడే బయటపడింది.

"బిడ్డ ఏడుస్తాంటే సూడలేకపోతినమ్మా," అని, పాలలో కలిపిన ఆ ముద్ద నా ముందు పెట్టి వెళ్ళిపోయింది. కోపంతోనే తాగాను.

సాయంత్రం తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చింది. చేతులనిండా ముళ్ళ గీతలు. కొండ నుంచి తెచ్చిన పిల్లిపీచర గడ్డలు నా మడిలోనే వరసగా నాటింది. "దొరసానమ్మకు ఇవన్నా పెడదాం," అంది.

ఆ గడ్డల గుణమో, పిల్ల పట్టుదలో, నాకు పాలు పడ్డాయి. దొరసాని కనబడితే మాత్రం తలుపు చాటుకు పోయేదాన్ని. వానలు పడ్డాక పిల్లను చూడాలని ఆమే వచ్చింది. అత్త గబగబా మడిలో లేచిన పిల్లిపీచర సన్నని మొలకలు కోసి, ఉడికించి, వెన్న వేసి గిన్నెలో పెట్టింది. నేను ఉండబట్టలేక జరిగిందంతా చెప్పేశాను.

దొరసాని ముఖం చూడటానికి నాకు భయమేసింది. ఆమె ఒకటే అడిగింది.

"పాలు వచ్చాయా?"

"వచ్చినాయి తల్లీ," అంది అత్త.

దొరసాని ఒక మొలక నోట్లో పెట్టుకుంది. చేదు. అయినా మిగిలినవన్నీ తినేసింది.

"బిడ్డ ఏడిస్తే మా అమ్మ కూడా తవ్వేసేది," అని, ఖాళీ గిన్నె అత్త ముందుకు జరిపి, ఇంకా ఉన్నాయా అని అడిగింది.