రబ్బరు ముఖాల పెదనాన్న

ఇవాళ సౌదీలో, దమ్మామ్‌లోని మా గోడౌన్‌కి కొత్త గ్యాస్ మాస్కులు వచ్చాయి. పెట్టె విప్పగానే రబ్బరు వాసన గుప్పుమంది. అంతే, కోడంబాకంలో మా ఇంటి దండెం కళ్ళ ముందుకొచ్చేసింది. దాని మీద లుంగీల పక్కనే పెదనాన్న సినిమాల్లో తగిలించుకునే రబ్బరు దెయ్యం ముఖాలు ఆరేవి. పెద్దమ్మ వాటి లోపల పౌడరు చల్లేది. మద్రాసు స్నేహితులూ, అవి తగిలించుకుని మనం మేడంతా పరిగెత్తడం గుర్తుందా?

పాత సినిమాల్లో ఆయన ఒకసారి గ్రహాంతరవాసి, ఒకసారి పిచ్చి సైంటిస్టు, మిగతా అన్నిసార్లూ దెయ్యం. సినిమా చూసేవాళ్ళెవరికీ ఆయన పేరు తెలీదు. ప్రతి సినిమాలోనూ చచ్చిపోయేవాడు.

ఒకసారి నన్ను షూటింగ్‌కి తీసుకెళ్ళాడు. శవంలా పడుకున్న పెదనాన్నని చూసి గుక్కపట్టి ఏడ్చాను. షాట్ అయ్యాక డైరెక్టరు, "ఒక్కసారి నవ్వి లేవండి" అన్నాడు. శవం వేషం వేసినవాళ్ళు కెమెరా వైపు నవ్వాకే లేవాలట, కీడు తగలకుండా. పెదనాన్న రబ్బరు ముఖాన్ని నుదుటి మీదికి ఎత్తి, కెమెరా వైపు కాదు, నా వైపు చూసి నవ్వాడు.

"ఏడవకురా. నవ్వానుగా, ఇంక ఏం కాదు."

పోయినేడు పెదనాన్న పోయాడు. ఊరెళ్ళి రావడానికి నాకు ఎగ్జిట్ రీఎంట్రీ వీసా సమయానికి రాలేదు. వీడియో కాల్‌లోనే చూశాను. ఆయన కొడుకు, మా అన్నయ్య, ఫోను పెదనాన్న ముఖానికి దగ్గరగా పెట్టి, "చూశావుగా, ఇక పెట్టెయ్యనా?" అన్నాడు.

"ఒక్క నిమిషం ఉండన్నయ్యా" అన్నాను.

పెదనాన్న ఇంకా నవ్వలేదు.