ఎనిమిది కింద చుక్క

ముందు పోయినవి చెబుతాను. ఒక చుక్క. వారానికి నిమిషంన్నర. బామ్మర్ది మా ఇంటికి రాని దసరాలు రెండు. ఆ రెండు దసరాలకు అతను తేవలసిన సీతాఫలాలు. ఎన్ని తెచ్చేవాడో అంతకు ముందు ఎప్పుడూ లెక్కపెట్టలేదు కాబట్టి వాటిని కలపడం లేదు. మా ఆవిడ నాతో మాట్లాడని రోజులనూ కలపడం లేదు. అవి ఎక్కడ మొదలై ఎక్కడ ముగిశాయో ఆమె నాకు తెలియనివ్వలేదు. గడియారం మాత్రం పోలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా నా ఎడమ చేతికే ఉంది.

నేను ఆదిలాబాద్‌లో ఒక పత్తి మిల్లులో లెక్కలు రాస్తాను. బడిలో చదివింది నాలుగో తరగతి వరకే. మిగతా లెక్కలన్నీ పత్తి బండ్ల మధ్య, కాంటా పక్కన నిలబడి నేర్చుకున్నవే. తరుగు తీయడం నా పని. పత్తి ఎంత తూగినా అంతకీ డబ్బు ఇవ్వరు. తేమకు కొంత, మట్టికి కొంత, ఆకు చెత్తకు కొంత తీసేసి మిగతాదానికే ధర కడతారు. ఆ తీసేసినదే తరుగు. తరుగు లేని పత్తి బండిని నేను ఇంతవరకు చూడలేదు. గడియారం కొనేటప్పుడు ఈ సంగతి గుర్తుకు రాలేదు.

మిల్లు సేటు చేతికి స్విస్ గడియారం ఉండేది. ఆయన దాన్ని చూసి టైం చెబితే బండ్లవాళ్ళు నమ్మేవాళ్ళు. నేను గోడ గడియారం చూసి అదే టైం చెబితే వెళ్ళి సేటును అడిగి వచ్చేవాళ్ళు. ఇది కొన్నేళ్ళు చూశాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, కూడబెట్టిందంతా పట్టుకుని హైదరాబాద్ పోయి అలాంటిదే ఒకటి కొన్నాను. బంగారు అంచు, తెల్లటి ముఖం, సన్నటి ముళ్ళు. దుకాణంలో దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. కళ్ళతో చూడటం కంటే చెవితో వినడమే గడియారానికి పరీక్ష అని అప్పట్లో నా నమ్మకం.

తిరుగు బస్సు నిర్మల్ దాటాక ఎండ గడియారం అద్దం మీద పడింది. ఎనిమిది అంకె కింద ఒక చుక్క కనిపించింది. తుడిచాను. పోలేదు. అద్దం లోపల ఉంది. గసగసాల గింజలో సగం ఉంటుంది, అంతకంటే లేదు. ఆదిలాబాద్ చేరేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. బస్సు ఎన్ని గంటలకు చేరిందో మాత్రం చూడలేదు.

మరుసటి నెల మళ్ళీ హైదరాబాద్ పోయాను. దుకాణదారు కంటికి భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఉంది సాబ్. కానీ మీరు చెప్పకపోతే ఎవరికీ కనిపించదు" అన్నాడు.

అది మంచి సలహానే. నేను తిరిగి వచ్చి అందరికీ చెప్పాను. ఎవరైనా టైం అడిగితే టైం చెప్పి, ఆ పక్కనే చుక్క కూడా చూపేవాణ్ణి. కొందరికి కనిపించేది కాదు. కనిపించేదాకా చేయి అటూ ఇటూ తిప్పేవాణ్ణి. కొన్నాళ్ళకు బండ్లవాళ్ళు టైం కోసం మళ్ళీ సేటు దగ్గరికే పోవడం మొదలుపెట్టారు.

మా ఆవిడ ఒక్కతే ఆ చుక్కను చూసి సంతోషించింది. "దిష్టి చుక్క పెట్టుకొనే వచ్చింది నీ గడియారం. మనకు కాటుక ఖర్సు మిగిలింది" అంది.

నాకు నవ్వు రాలేదు. దానికి ఇంకో లోపం కూడా ఉంది. వారానికి నిమిషంన్నర ముందుకు పోయేది. ప్రతి ఆదివారం రైల్వే స్టేషన్‌కు పోయి, అక్కడి పెద్ద గడియారం చూసి సరిచేసుకునేవాణ్ణి. స్టేషన్ మాస్టరు నేను ఎవరినో దించడానికి వస్తున్నానని చాలాకాలం అనుకున్నాడు.

తరువాత ఒకసారి వేములవాడ పోయాం. మొక్కు తీర్చడానికి కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పాలి. కోడె తాడు రాసుకుంటే అద్దానికి గీత పడుతుందని, ఉన్న చుక్క చాలదా అని, గడియారం తీసి తువాలులో చుట్టి సంకలో పెట్టుకున్నాను. తిరగడం అయిపోయేసరికి తువాలు ఉంది, గడియారం లేదు. సాయంత్రం సత్రంలో అడిగితే, దొరికినవి కొన్ని ఉన్నాయని సత్రం పెద్దమనిషి చెప్పాడు. నాకంటే ముందు ఒకాయన నిలబడి ఉన్నాడు.

"ఆనవాలేంది?" అని ఆయనను అడిగాడు పెద్దమనిషి.

"బంగారు రంగుది. టైం మంచిగ చూపిస్తది."

"అన్ని గడియారాలు గట్లనే ఉంటయ్ పటేలా. ఇంకేమన్న జెప్పు."

ఆయన ఇంకేమీ చెప్పలేకపోయాడు. నా వంతు వచ్చింది. "ఎనిమిది కింద చుక్క" అన్నాను. పెద్దమనిషి ఒకదాన్ని దీపం దగ్గర పెట్టి చూసి, నా చేతిలో పెట్టాడు.

ఆ రోజు నుంచి నాకు ఆ చుక్క మీద కోపం పోయింది. తరుగు అనుకున్నాను. పత్తికి తీసినట్టే గడియారానికీ కొంత తీసేస్తే, మిగిలినది మేలిరకమే. ఒకటే పొరపాటు జరిగింది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. పైగా తిట్టడం అలవాటై, టైం అడిగినవాళ్ళకు చుక్క చూపి విసుక్కోవడం మానలేదు. అది అప్పటికి దగ్గు లాంటిదైంది. జలుబు తగ్గినా దగ్గు ఉంటుంది.

మా ఆవిడ తమ్ముడు పెద్దపల్లిలో బియ్యం మిల్లు నడుపుతాడు. అతని పెళ్ళికి నా గడియారం పెట్టుకుంటానని అడిగాడు. ఇచ్చాను. పెళ్ళయ్యాక దసరాకు కొత్త పెళ్ళాంతో, ఒక గంప సీతాఫలాలతో మా ఇంటికి వచ్చాడు. జేబులోంచి చేతిరుమాలు తీసి మెల్లగా విప్పాడు.

"సూడు బావా. ఏం కనబడుతుంది?"

చూశాను. "ఏం లేదు" అన్నాను.

"గదే! ఏం లేదు. కరీంనగర్‌ల గడియారం సాబ్‌కు ఇచ్చి ముఖం కొత్తగ జేపిచ్చిన. నూనె గూడ ఏపిచ్చిన. ఇగ ముందుకు ఉరుకుడు బందు. పెండ్లిల సదివింపుల పైసలు ముందుగాల నీ గడియారానికే పెట్టిన. ఇన్నేండ్ల సంది నువ్వు రంది పడుతుంటె సూస్తలేనా?"

గడియారాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. తెల్లగా, గుండ్రంగా, ఎవరిదో అన్నట్టు ఉంది.

"గిది నాదేనా?" అన్నాను.

నేను అడిగింది గడియారం గురించి. కాని అది జవాబు చెప్పదు కాబట్టి అతను చెప్పవలసి వచ్చింది.

"అంటే?"

"అంటే, సాబ్ దుకాణంల ఇసొంటియి శాన ఉంటయ్ గద."

"నేను మార్పిచ్చుకొచ్చిన అంటవా?"

"నేనెప్పుడన్న?"

"మరెవలన్నరు? గీ సీతాఫలాలన్నయా?"

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. "చుక్క ఉన్నదని ఇన్నేండ్లు ఏడ్సినవ్. ఇప్పుడు లేదని ఏడుస్తున్నవ్. కాటుక దెచ్చి పెట్టాల్నా?" అంది. ఈసారి ఆమె కూడా నవ్వలేదు.

అతను మరునాడు పొద్దున పోవలసినవాడు ఆ సాయంత్రమే పోయాడు. కొత్త పిల్ల గంప మాత్రం వదిలేసి పోయింది.

నాకు నిజంగానే తెలియలేదు. గడియారాన్ని ఆనవాలు పట్టడానికి నాకు ఉన్నవి రెండే. ఒకటి చుక్క, రెండోది వారానికి నిమిషంన్నర. బామ్మర్ది ప్రేమతో రెండూ తీయించేశాడు. కరీంనగర్ పోయి గడియారం సాబ్‌నే అడిగాను. ఆయన ముసలాయన. మాట్లాడేటప్పుడు కూడా కంటి మీది అద్దం తీయడు.

"మీదే సాబ్. నా తాన్కి వచ్చినప్పుడు చుక్క ఉండె. నేనే తీసిన."

"తీసినట్టు ఏం గుర్తు?"

"ఇప్పుడు లేదు గద. గంతకంటె గుర్తు ఏం గావాలె?"

తరువాత ఆయన వెనక మూత విప్పి చూపించాడు. లోపల ఒక నంబరు చెక్కి ఉంది. "ఇగో, గీ నంబరు సూసుకోండ్రి. మీ నంబరెంత?" అన్నాడు. దూది బేళ్ళ నంబర్లు నోటికి చెప్పే నాకు ఆ నంబరు తెలియదు. లోపల నంబరు ఉంటుందనే తెలియదు. చుక్క ఉన్నన్నాళ్ళు దానితో పని పడలేదు. సాబ్ మూత బిగించి, జాలి పడి, పైసలు తీసుకోలేదు.

రెండు దసరాలు వచ్చి పోయాయి. బామ్మర్ది రాలేదు. మా ఆవిడ పుట్టింటికి ఒక్కతే పోయి వచ్చేది. వచ్చాక నాకు అక్కడి వానల సంగతి చెప్పేది, తమ్ముడి సంగతి చెప్పేది కాదు. నేను మాత్రం ఆదివారాలు స్టేషన్‌కు పోవడం మానలేదు. గడియారం స్టేషన్‌తో సరిగ్గా నడిచేది. సరిగ్గా నడిచిన ప్రతి వారం నాకు అనుమానం పెరిగేది.

రెండో దసరా తరువాత వచ్చిన ఎండాకాలంలో ఒక ఆదివారం చూస్తే అది కొద్దిగా ముందుంది. తప్పు చూశానేమో అనుకున్నాను. సరిచేసి ఇంటికి వచ్చాను. మరుసటి ఆదివారం నిమిషంన్నర. ఆ మీది ఆదివారం మళ్ళీ నిమిషంన్నర. సాబ్ వేసిన నూనె ఎండిపోయిందేమో. దాని పాత బుద్ధి తిరిగి వచ్చింది. స్టేషన్ మాస్టరు ఎప్పుడూ నవ్వని నేను నవ్వుతుంటే చూసి, చుట్టాలు ఎవరైనా వస్తున్నారా అని అడిగాడు.

నేరుగా పెద్దపల్లి పోయాను. బామ్మర్ది మిల్లులో బియ్యం బస్తాల దగ్గర నిలబడి ఉన్నాడు. నన్ను చూసి కుర్చీ వేయించాడు కాని తాను కూర్చోలేదు.

"గడియారం నాదే" అన్నాను.

"ఎవలు జెప్పిన్రు?"

"స్టేషన్ గడియారం పక్కన బెట్టి సూసిన. నిమిషంన్నర ఉరికింది. వరసగ గట్లనే ఉరుకుతున్నది."

అతను ఒక బస్తా మూతి తాడు బిగించాడు. "అంటే గడియారం జెప్తె నమ్మినవ్. నేను జెప్తె నమ్మలే."

చాయ్ వచ్చింది. తాగాను. తరువాత నాకు చేతనైన పద్ధతిలో మొదలుపెట్టాను.

"సూడు బామ్మర్దీ. చుక్క తీపిచ్చినందుకు నువ్వు నాకు ఒక చుక్క బాకీ. గట్ల అడిగినందుకు నేను నీకు ఒక మాట బాకీ. చెల్లుకు చెల్లు."

"మీ మిల్లుల బియ్యం బాకీకి పత్తి జమ గడ్తరా?"

"కట్టం."

"మరి?"

"తరుగనుకో."

"గింజకు, చెత్తకు తరుగు నేను గూడ తీస్త బావా. మనిషి మాటకు ఎంత తియ్యాల్నో జెప్పు, గంత తీస్త."

దానికి తరుగు ఎంతో నాకు తెలియదు. సేటును కూడా అడగలేను.

ఆ ఏడు నుంచి అతను ప్రతి దసరాకు వస్తున్నాడు. సీతాఫలాలు తెస్తున్నాడు. ఇప్పుడు లెక్కపెడుతున్నాను. గడప దాటగానే చెప్పులు విప్పుతూ "టైం ఎంతైంది బావా?" అంటాడు. అతని చేతికి అతని గడియారం ఉంటుంది. నా గడియారం ముందుకు ఉరికినంత మనసులో తీసేసి చెబుతాను. "నువ్వు జెప్పినవ్ గద, నమ్ముతున్న" అని లోపలికి పోతాడు. మా ఆవిడ మంచినీళ్ళు ఇస్తూ నా వైపు చూస్తుంది.

అతని వైపు చుక్క బాకీ నేను ఎప్పుడో కొట్టేశాను. నేను అనవలసిన మాట చిన్నదే. నువ్వు చెప్పావు కాబట్టి ఈ గడియారం నాదే అని. మొన్నటి దసరాకు అందామనే గడప దగ్గర నిలబడ్డాను. అతను ముందే టైం అడిగాడు. చెప్పాను. నమ్మాడు. నా వైపు బాకీ నేటికి: ఒకటి.