మా వియ్యపురాలి బడిలో నా పేరెక్కలేదు

మా వియ్యపురాలు పోయింది. ఆ కబురు నాకంటే ముందు జైలుకి తెలిసింది.

చదివేవాళ్ళు కంగారు పడక్కర్లేదు, ఆవిడ ఏ నేరమూ చేయలేదు. ఆస్ట్రేలియాలో మేముండే బ్రిస్బేన్ ఊరి బయట, తప్పు చేసి పట్టుబడిన పిల్లల్ని ఉంచే జైలు ఒకటుంది. ఆ జైల్లో బడి ఉంది. ఆ బడిలో ఆవిడ టీచరు. తెల్లవారుతుండగా ఆసుపత్రిలో ఆవిడ ప్రాణం పోగానే నా కోడలు, అంటే ఆవిడ కూతురు, మొట్టమొదటి ఫోను ఆ బడికి చేసింది. ఇంటికి తర్వాత చేసింది. అప్పటికి నేను వంటింట్లో కొబ్బరి పచ్చడి చేస్తున్నాను, ఆసుపత్రికి పంపాలి కదా అని ఆవిడ కోసం కారం తగ్గించి మరీ.

“ముందు అక్కడికెందుకు చేశావే?” అని తర్వాత అడిగాను.

“అమ్మే చెప్పింది అత్తయ్యా. టీచరు రాకపోతే ఆ పూట పిల్లల్ని గదుల్లో పెట్టి తాళం వేస్తారట. పొద్దున్నే చెబితే ఇంకొకర్ని వెతుక్కుంటారు, మర్చిపోకు అంది.”

పోతూ పోతూ కూడా వాళ్ళే. చూశారా?

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. ఇక్కడి తెలుగు సంఘం వాళ్ళు పత్రికలో ఆవిడ గురించి వేస్తామని కోడల్ని అడిగారు, నా కొడుకుని అడిగారు, మనవరాలిని కూడా ఇంగ్లీషులో రెండు ముక్కలు రాసిమ్మన్నారు. నన్నెవరూ అడగలేదు. ఒకే వంటింట్లో ఒకే పొయ్యి దగ్గర ఆవిడతో మసిలినదాన్ని నేను. అందుకని నా వాదన నేనే చెప్పుకుంటున్నాను. అమ్మాయ్, ఒక్క మాట కూడా మార్చకు.

ఆవిడ తెనాలిలో ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. భర్త పోయాక ఒక్కగానొక్క కూతురి దగ్గరికి వచ్చేసింది. నేను బాపట్ల పక్క పల్లె నుంచి ఆ తర్వాత వచ్చాను. వైటూకే అని ఒకటి వచ్చింది కదా, కంప్యూటర్లలో తారీకులు తిరగబడతాయని లోకమంతా గుండెలు బాదుకుంది. అప్పుడు నా కొడుకూ కోడలూ ఆ పనిలో పడి ఇంటి మొహం చూడటం మానేశారు. పిల్లని చూసుకోవడానికి నన్ను పిలిపించారు.

నేను మగపిల్లవాడి తల్లిని. ఆవిడ ఆడపిల్ల తల్లి. మా వైపు ఆడపిల్ల తల్లి కూతురింట్లో నాలుగు రోజులు ఉండాలంటేనే మొహమాటపడుతుంది. ఈవిడా పడేది. అన్నం వడ్డిస్తుంటే కంచానికి చెయ్యి అడ్డం పెట్టేది. “ఇంకొంచెం వదినగారూ” అంటే “వద్దండీ” అనేది. మళ్ళీ అంటే “అబ్బే, చాలండీ” అనేది. గదమాయించి వేస్తే మెతుకు మిగల్చకుండా తినేది. అంటే ఆకలి ఉండేదన్నమాట! రెండుసార్లు అడిగితేగాని ఆవిడ ఆకలి బయటపడేది కాదు. నన్నడిగినా నేనూ అంతే లెండి. మర్యాద తెలిసిన ఇళ్ళలో పెరిగాం ఇద్దరం.

అల్లుడింట్లో ఊరికే కూర్చుని తినలేకే ఆవిడ ఉద్యోగం వెతుక్కుంది. ఇక్కడి టీచర్ల అర్హత ఏదో సంపాదించింది. మామూలు బడులన్నీ ఆవిడ వయసు చూసి, మాట విని, తర్వాత కబురు చేస్తామన్నాయి. జైలు బడి మాత్రం సోమవారమే రమ్మంది. ఎందుకంటే అక్కడికి ఎవరూ రారు, వచ్చినవాళ్ళు నిలవరు. కంప్యూటర్లు చెప్పే టీచరు ఒకతను ఉండేవాడు. వైటూకే పుణ్యమా అని పెద్ద జీతమిస్తామంటే టర్ము మధ్యలో లేచి వెళ్ళిపోయాడు.

“అత్తయ్యగారూ, మీ కంప్యూటర్ టీచర్ మా టీమ్‌లోనే చేరాడు. వెరీ సారీ” అన్నాడు నా కొడుకు ఒకరోజు భోజనాల దగ్గర.

“పర్లేదు బాబూ, మీ పని అయిపోయాక తిరిగిచ్చెయ్యండి. పుస్తకంలాగే చిరగకుండా చూడండి” అంది ఆవిడ.

అందరూ నవ్వారు. నేను చారు పోశాను.

ప్రతి సాయంత్రం ఇదే తంతు. కంచాల ముందు కూర్చోగానే ఆవిడని అడిగేవాళ్ళు. “ఈరోజు క్లాసులో ఎంతమంది?” ఆ బడిలో పిల్లల లెక్క నిలకడగా ఉండదు. పొద్దున పలక ముందు కూర్చున్నవాణ్ణి మధ్యాహ్నం కోర్టుకి తీసుకెళతారు, జడ్జి ఇంటికి పొమ్మంటే పోతాడు. ఒక్కోవారం బల్లలు చాలవు, ఒక్కోవారం ఒక్కడికోసమే బోర్డు మీద రాయాలి. “క్లాసు ఖాళీ అయితే సంతోషించాలి కదండీ వదినగారూ, పిల్లలు ఇళ్ళకి పోయినట్టే కదా. కానీ భిన్నాలు సగంలో ఉన్నాయని దిగులేస్తుంది” అనేది. వెళ్ళినవాడు మళ్ళీ వస్తే ఏడవాలో నవ్వాలో తెలీదట. “నీ భిన్నాలు ఇక్కడే ఉన్నాయి రా” అనేదట వాడితో.

ఆవిడ మాట ఇంకొకటుంది, నా కొడుకు అందరికీ చెబుతుంటాడు. “వాడేం చేసి వచ్చాడో నేనడగను. ఏ లెక్క దగ్గర ఆగిపోయాడో అడుగుతాను.”

బాగుంది, ఒప్పుకుంటాను. కానీ ఆవిడ ఆ మాటన్న రోజే నేను ఒక్కదాన్నే బస్సెక్కి సన్నీబ్యాంక్ పేటకి వెళ్ళి, చైనావాళ్ళ కొట్లో వేలితో చూపించి లేత వంకాయలు తెచ్చి గుత్తివంకాయ చేశాను. బస్సు మీది బోర్డు చదవలేని మనిషి అంత దూరం పోయి ఎలా వచ్చిందని ఒక్కళ్ళు అడిగారా? తిన్నారు. తింటూ జైలు కబుర్లు విన్నారు.

అన్నిటికన్నా నన్ను పొడిచింది ఏమిటో చెబుతాను. ఆ బడికి అడ్మిషన్లంటూ లేవు. పోలీసులు తెచ్చి లోపల పెట్టిన పిల్లాడి పేరు మర్నాటికల్లా బడిలో ఎక్కిపోతుంది. నీకు చదువు కావాలా అని వాణ్ణి అడగరు. వాడి అమ్మానాన్నలెవరు, ఇదివరకు ఎక్కడ చదివాడు, ఏదీ అడ్డం రాదు. గేటు దాటితే చాలు, నా వియ్యపురాలు వాడి టీచరు. నేను ఆవిడతో ఒకే కప్పు కింద ఉన్నాను. నా గదికీ ఆవిడ గదికీ మధ్య ఉన్నది ఒక్క గోడ.

ఆ జైల్లో పెన్సిలు కూడా ఆయుధమే. క్లాసు మొదట్లో పంచినవన్నీ చివర్లో లెక్కపెట్టి తీసుకోవాలి. ఒక్కటి తగ్గినా అది దొరికేదాకా ఎవ్వరూ కుర్చీలోంచి లేవడానికి లేదు, టీచరుతో సహా. ఈ అలవాటు ఆవిడ ఇంటికి మోసుకొచ్చింది. మనవరాలు భోజనాల బల్ల మీద హోంవర్కు చేసుకోవడం అయ్యాక చెయ్యి చాపేది, “ఏవీ, పెన్సిళ్ళిచ్చెయ్” అని.

“అమ్మమ్మా, దిస్ ఈజ్ నాట్ జైల్!”

“ఎవరన్నారే? నా లెక్క సరిపోయేదాకా జైలే.”

ఒకటి బల్ల కింద దొర్లితే ఇక పండగే. “నోబడీ గెట్స్ అప్!” అని పిల్ల అరిచేది. నా కొడుకు ఆఫీసు ఫోను మోగుతున్నా లేచేవాడు కాదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నా నన్ను లేవనిచ్చేవాళ్ళు కాదు.

ఆవిడ బడికి పట్టుకెళ్ళే సంచి కూడా గాజులాంటి ప్లాస్టిక్‌ది. లోపలేముందో గేటు దగ్గర అందరికీ కనబడాలట. కళ్ళద్దాల పెట్టె, మాత్రలు, ఒక స్వెట్టరు, నేను కట్టిన పులిహోర డబ్బా. ఆ డబ్బా దారి పొడుగునా అందరికీ కనబడుతుంది కదా, ఆ సంచి మాత్రం నాకు నచ్చేది.

వైటూకే ముందు ఒకరోజు నా కొడుకు ఏడిపించాడు. “కొత్త సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోయి మీ జైలు తలుపులు వాటంతటవే తెరుచుకుంటే ఏం చేస్తారు అత్తయ్యగారూ?”

“మంచిదే బాబూ. చదువు కోసం ఎవడు ఉంటాడో, తాళం వల్ల ఎవడు ఉన్నాడో తెలిసిపోతుంది.”

నేనుంటాను, అనుకున్నాను. గిన్నెలు తోముకుంటూ నాలో నేనే అనుకున్నాను.

ఆ తర్వాత ఏడాది చివర్లో బడిలో చిన్న ఫంక్షన్ పెట్టి టీచర్ల ఇంట్లోవాళ్ళని రానిచ్చారు. కొడుక్కీ కోడలికీ తీరిక లేదు. నేను వెళ్ళాను. గారెలు చేసి తీసుకెళితే గేటు దగ్గర గార్డు మూత తీసి చూసి, టీచర్ల సొంత డబ్బా తప్ప బయటి తిండి లోపలికి రాకూడదని అక్కడే ఉంచేశాడు. మేం తిరిగి వెళ్ళేటప్పుడు ఒకటి అడిగి తిన్నాడు లెండి.

లోపల ఒక పిల్లాడు లేచి నిలబడ్డాడు. పిల్లాడంటే తలుపంత ఉన్నాడు, నూనూగు మీసాలు. వచ్చినప్పుడు వాడికి అక్షరం ముక్క రాదట. ఆవిడ లెక్కల టీచరే కానీ, మనుషులు చాలక చదవడం కూడా ఆవిడే నేర్పేది. వాడు పుస్తకంలో గీత కింద వేలు పెట్టుకుని, చెమటలు కక్కుతూ, ఒక్కొక్క మాటా పైకి లాగాడు. ఆవిడ పక్కనే ఉంది కానీ పుస్తకం వైపు చూడదు, కిటికీలోంచి చూస్తుంది. వాడు తప్పు చదివితే నోరు తెరవదు, చేతి గాజు ఒకసారి వెనక్కి తోసుకుంటుంది. ఆ చప్పుడుకి వాడు ఆగి, వెనక్కి వెళ్ళి, సరిగ్గా చదువుతాడు. పేజీ అయ్యేసరికి అందరూ చప్పట్లు కొట్టారు. వాడు తల వంచుకుని పుస్తకాన్ని పొట్టకి అదుముకున్నాడు.

నేనూ చప్పట్లు కొట్టాను. వాడేం ఎత్తుకుపోయాడో నాకు తెలీదు. నేను పుట్టి బుద్ధెరిగాక ఒకళ్ళ వస్తువు ముట్టలేదు. ఆ గాజు చప్పుడు వాడికి దొరికింది, నాకు దొరకలేదు.

తిరిగొచ్చేటప్పుడు కారు ఆవిడే నడిపింది. అదీ నేర్చుకుంది, రాయి అమ్మాయ్. గారెల డబ్బా ఒళ్ళో పెట్టుకుని అడిగాను.

“వదినగారూ, అక్కడ పెద్దవాళ్ళకి చెప్పరా?”

“వయసు దాటితే అక్కడ ఉంచరండీ.”

ఎర్రలైటు దగ్గర కారు ఆగింది. ఆవిడ నా వైపు తిరిగింది. ఏదో అనబోయినట్టే ఉంది. లైటు మారింది.

“గారెలు చాలా మిగిలాయి. పెరుగులో వేసేస్తాను” అన్నాను.

“మీ ఇష్టమండీ” అంది.

అంతే. ఆ మాట మా ఇద్దరి మధ్యా మళ్ళీ రాలేదు. ఆవిడ గుండె మాత్రం నెమ్మదిగా మొరాయించింది. సెలవు పెట్టమని కోడలు ఏడ్చి మొత్తుకుంటే “ఈ వారం టీచర్లం ఇద్దరమే ఉన్నామే, నేను మానేస్తే సగంమంది గదుల్లో ఉంటారు” అనేది. అలా వారాలు నెట్టింది. చివరికి ఒక మధ్యాహ్నం బడి నుంచే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. చివరి చూపుకి వచ్చిన హెడ్మాస్టరు నా చెయ్యి పట్టుకుని, ఆవిడ చోటులోకి ఇంకా ఎవరూ దొరకలేదని చెప్పాడట. కోడలు తెలుగులో చెప్పింది. నీకేనా ఆ ఖాళీ, అనుకున్నాను.

ఇక్కడిదాకా చెప్పేసరికి కోడలు కలం కింద పెట్టేసింది.

“రాయవేమే?”

“అత్తయ్యా, ఆ రోజు మీరు కార్లో అడిగారని అమ్మ నాకు చెప్పింది.”

“ఏమని?”

“మీ అత్తగారు చదువు అడిగారే, నాకు నోరు పెగల్లేదు, అంది. నువ్వే నేర్పించకపోయావా అన్నాను. అల్లుడి తల్లిని పట్టుకుని నా ముందు పలక పట్టుకుని కూర్చోండని ఎలా అంటానే, రేపు ఏమైనా అనుకుంటే నీ కాపురంలో మాటొస్తుంది, అంది. ఆవిడే ఇంకొక్కసారి అడిగితే బాగుండు, వెంటనే మొదలుపెడతాను, అంది. పలక కూడా కొంది అత్తయ్యా. బీరువాలో ఉంది.”

విన్నారా? నేను ఇంకోసారి అడగాలట! ఆవిడ కంచంలో అన్నం నేను రోజూ రెండోసారి అడిగి, గదమాయించి వేశాను. నా ఒక్క ఆకలికి ఆవిడ ఒక్కసారి కూడా గదమాయించలేకపోయింది. జైలు గేటు దాటిన ప్రతివాణ్ణీ అడక్కుండానే బడిలో వేసుకున్న మనిషి, నా దగ్గరికొచ్చేసరికి మర్యాద చూసింది. ఆ మర్యాద మగపిల్లవాడి తల్లికి ఇచ్చింది. నాకు కాదు. నేను ఆ తలుపంత కుర్రాడిలా లేచి నిలబడేదాన్ని, చెమటలు కక్కేదాన్ని. అందులో నాకేం సిగ్గు?

ఇంత కోపంలోనూ ఒకటి చెప్పాలి. మా ఇంట్లో అన్నం తిని చెయ్యి కడుక్కున్న ప్రతిసారీ ఆవిడ, “వదినగారూ, అమ్మ చేతి వంటలా ఉందండీ” అనేది. ఒక్కపూట కూడా మర్చిపోలేదు. నా పనిని రోజూ గుర్తుపెట్టుకుని మాట చెప్పిన మనిషి ఈ ఇంట్లో ఆవిడొక్కతే. అది కూడా రాయి.

కోడలు కళ్ళు తుడుచుకుని, “నేను నేర్పనా అత్తయ్యా?” అంది.

“వద్దులే, నీకు తీరికెక్కడిది” అన్నాను.

మళ్ళీ అడిగింది.

ఈ సాయంత్రం బల్ల దగ్గర కోడలు, మనవరాలు, నేను ముగ్గురం కూర్చున్నాం. పలక మీద అమ్మాయి వేసిన అక్షరం మీద నేను పెన్సిలుతో దిద్దబోయాను. పెన్సిలు కాదు, బలపం వాడాలంది. నాకు పెన్సిలే కావాలన్నాను. ఒక తెల్లకాగితం ఇచ్చింది. నా అక్షరం పక్కకి ఒరిగింది. గాజు చప్పుడు వినబడుతుందేమోనని ఆగాను. వినబడలేదు. వెనక్కి వెళ్ళి మళ్ళీ దిద్దాను.

అయిపోయాక మనవరాలు వాళ్ళ అమ్మమ్మలాగే చెయ్యి చాపింది. పెన్సిళ్ళు లెక్కపెట్టుకుంది. మళ్ళీ లెక్కపెట్టింది. బల్ల కిందికి వంగి చూసింది.

“వన్ షార్ట్. నానమ్మా, నోబడీ గెట్స్ అప్!”

ఎవరూ లేవలేదు. ఆవిడ కుర్చీ మా మధ్యనే ఉంది. పెన్సిలు నా కొంగు ముడిలో ఉంది. నేను చెప్పలేదు.