నల్లబల్ల అడుగున ఖాళీ వరుస

పొద్దున రేడియోలో దేశ వాతావరణ సూచన వస్తోంది. రానున్న మూడు రోజుల్లో తెలంగాణలో అక్కడక్కడ వానలు పడవచ్చునట. గోడకున్న పలక మీద అది రాస్తుంటే సుద్ద పొడి ముక్కుకు తగిలింది. రాజలింగం పంతులు గుర్తుకొచ్చారు.

పంతొమ్మిది వందల నలభైల్లో సిద్దిపేట గ్రంథాలయంలో బ్యాటరీతో నడిచే రేడియో ఒకటి ఉండేది. బడిపంతులైన రాజలింగం రోజూ సాయంత్రం ఉర్దూలో వచ్చే సూచన విని, గుమ్మం పక్కన నల్లబల్ల మీద తెలుగులో రాసేవారు. అడుగున ఒక వరుస ఖాళీగా వదిలేవారు. చెప్పింది జరిగిందో లేదో మరునాడు అక్కడ రాసేవారు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. పంచాంగాన్ని ఓడించడమే హేతువాదం అనుకునేవాణ్ని. ఆ ఖాళీ వరుస, శత్రువు చేతికి మనమే కర్ర అందించినట్టు అనిపించేది.

ఒక మృగశిర కార్తెలో పంతులు జ్వరపడ్డారు. బల్ల నా చేతికొచ్చింది. ఎదురుగా అరుగు మీద పంచాంగం చెప్పే అయ్యవారు ఈ వారం చినుకు కూడా లేదన్నారు. దక్కనులో కొన్ని చోట్ల వాన పడవచ్చని రేడియో చెప్పింది. నేను మాత్రం "గురువారంలోగా సిద్దిపేటలో మంచి వాన" అని రాశాను. అడుగున వరుస వదల్లేదు.

ఒంటరిగా సేద్యం చేసుకునే మల్లవ్వ అది చదివించుకుని, దాచుకున్న జొన్న విత్తనమంతా పొడి దుక్కిలో చల్లింది. గురువారం పోయింది. ఆదివారమూ పోయింది. విత్తనం చీమల పాలైంది.

"ఏమయ్యా, మీ రేడియో దేవుడు పండుకున్నడా?" అని అయ్యవారు నవ్వారు.

మల్లవ్వ నవ్వలేదు. "మీరు రాసిండ్రనే ఇత్తిన బిడ్డా. చీమలకు బువ్వ పెట్టిన. ఇగ నాకెవలు పెడుతరు?"

ఆ సాయంత్రమే పంతులు గొంగడి కప్పుకుని వచ్చారు. రేడియో తప్పు చెప్పిందన్నాను.

"రేడియో చెప్పింది గిదేనా?"

కాదని ఒప్పుకున్నాను. ఆయన బల్ల మీద "వాన పడుతుందన్నాం. పడలేదు. తప్పు మాదే" అని రాసి, కింద తన పేరు పెట్టారు.

"రాసింది నేను గద, పంతులూ!"

"బల్ల నాది. సిగ్గుంటే నీ పేరు గూడ రాయి."

రాశాను. అయ్యవారి నవ్వు ఆగిపోయింది. ఎన్నో ఏళ్లుగా చదువుతున్న ఆయన పంచాంగంలో ఇలాంటి వరుసకు చోటే లేదని అప్పుడు తట్టింది నాకు.

తిండికి ఉంచుకున్న జొన్నల్లో సగం పంతులు మల్లవ్వకు విత్తనానికి ఇచ్చారు. మూట మోసింది నేనే. ఆయనా వెంట వచ్చారు.

"గీసారన్న పడుతదా పంతులూ?" అని ఆమె అడిగింది.

పడుతుందని చెప్పాలని నా నాలుక దురద పెట్టింది.

"తెల్వది మల్లవ్వా," అన్నారు పంతులు. "నేల జానెడు తడిసినంకనే ఇత్తు."

పది రోజులకు నేల తడిసింది. అప్పుడే ఆమె ఆ జొన్నలు విత్తింది. మొలిచాయి.

తర్వాత మూఢత్వం మీద నిప్పులు చెరుగుతూ చాలా వ్యాసాలు రాశాను. వాటిలో కొన్నింటి అడుగున "ఇక్కడ పొరబడ్డాను" అన్న మాట, నా పేరు ఉన్నాయి. వాటికి నేను సిగ్గుపడను. ఈ పొద్దు పలక మీద "వాన పడవచ్చు" అనే రాశాను. కింది వరుస రేపటికి వదిలాను.