కాలినడకన కాన్వాయ్

మా ఆయన మిలిటరీలో లారీ డ్రైవరు. ఏడాదికి రెండు నెలలు సెలవు. అంటే పెళ్లయిన ఆరేళ్లలో మేమిద్దరం ఒక్క కప్పు కింద ఉన్న రోజులన్నీ పోగేస్తే ఒక్క ఏడాది కాపురం. ఆయన ఎక్కడో ఉత్తరాన కంటోన్మెంట్‌లో, నేను నారాయణఖేడ్‌లో మా అత్తతో.

నాకు కావలసింది ఒక్కటే, కంటోన్మెంట్‌లో ఫ్యామిలీ క్వార్టర్. రెండు గదులు, వంటిల్లు, ఇంట్లోనే నల్లా. మామూలు సిపాయిగా ఉన్నంతకాలం ఆ వరుసలో మా పేరు అట్టడుగునే ఉంటుందట. ప్రమోషన్ కోసం పెట్టే డ్రైవింగ్ పరీక్ష పాసై, చేతి మీద నాయక్ పట్టీలు పడితే పైకి వస్తుందట. కాబట్టి అది ఆయన పరీక్షే కాదు, నా పరీక్ష కూడా.

తొంభైల మొదట్లో ఒక ఎండాకాలం సెలవు మీద వచ్చాడు. పరీక్షకు ఎంతవరకు తయారయ్యావని అడిగితే నీళ్లు నమిలాడు. గుచ్చి గుచ్చి అడిగాక చెప్పాడు. సర్కారు ఖర్చులు తగ్గించుకుంటోందట, వాళ్ల పటాలానికి డీజిల్ కోత పడిందట. లారీలన్నీ షెడ్డుల్లో వరుసగా నిలబడి ఉన్నాయి. పొద్దున్నే వాటిని కడిగి, తుడిచి, ఇంజన్ కాసేపు నడిపి ఆపేస్తారు. మరి నేర్చుకునేది ఎలా అంటే, నడిచి. డ్రైవర్లందరూ మైదానంలో ఒకరి వెనక ఒకరు, లారీకీ లారీకీ ఉండాల్సినంత ఎడం వదిలి, స్టీరింగ్ పట్టుకున్నట్టు చేతులు ముందుకు పెట్టి నడుస్తారు. మలుపు వస్తే చెయ్యి చాపుతారు. రివర్స్ అంటే వెనక్కి నడవడమే.

నవ్వీ నవ్వీ నాకు కడుపు నొప్పి పుట్టింది. ఆయన మాత్రం నవ్వలేదు.

"నవ్వకు. పరీక్షల అసలు లారీ ఇస్తరు. రివర్స్ కొట్టక ఎనిమిది నెలలైతుంది," అన్నాడు.

నా నవ్వు ఆగిపోయింది. సర్కారు పొదుపు గురించి రేడియోలో విన్నాను గానీ, అది తిరిగి తిరిగి వచ్చి నా వంటింటి మీదే పడుతుందని అనుకోలేదు.

మా మేనమామకు కల్హేర్‌లో ఒక పాత లారీ ఉండేది, వారపు అంగళ్లకు కందులు, జొన్నలు తోలేవాడు. పోయి అడిగాను. మిలిటరీ వాళ్లకు బండి ఇస్తే అరిగిపోతుందని ఆయన నమ్మకం, ససేమిరా అన్నాడు. ఇచ్చేదాకా నీ ఇంట్లో అన్నం ముట్టనని గడప మీద కూర్చున్నాను. మధ్యాహ్నానికి దిగొచ్చాడు. మొండితనం మా అమ్మ వైపు నుంచి వచ్చిందే, ఆయనకు మాత్రం తెలియదా.

మొదటి రోజే గొడవ. సిర్గాపూర్ నుంచి కందులతో పొద్దున్నే రావలసిన లారీ అంగడి సగం లేచిపోయాక వచ్చింది. మా ఆయన కాన్వాయ్ వేగం దాటలేదు మరి. దారిలో ఎద్దుబండి అడ్డమొస్తే దాని వెనకే, రూలు ప్రకారం ఎడం వదిలి, ఊరిదాకా ఓపికగా వచ్చాడు. మామ తల పట్టుకున్నాడు.

"ఏందల్లుడా, నీ ముంగట ఏ పటాలం పోతుందని గింత ఎడం ఇడిసినవ్?"

ఆ తర్వాత లోడు ఇవ్వలేదు. మార్కెట్ యార్డు ఖాళీగా ఉన్న పూటల్లో రివర్స్ మాత్రం కొట్టుకోమన్నాడు. నేను బస్తాలు రెండు వరుసలుగా పెట్టించి, పక్కన నిలబడి, రానీ రానీ అంటూ చెయ్యి ఊపేదాన్ని. హమాలీలు బీడీలు ముట్టించుకుని చూస్తూ, అడగని సలహాలు ఇచ్చేవాళ్లు. ఒకసారి చక్రం కింద బస్తా పగిలి కందులు యార్డంతా పారాయి. ఇద్దరం గొంతుక్కూర్చుని, ఒకరినొకరు తిట్టుకుంటూ అన్నీ ఏరాం. పెళ్లయ్యాక నేను అంత సంతోషంగా ఉన్నది ఆ రెండు నెలలే. ఆ మాట ఆయనతో అనలేదు, అనాల్సింది.

పాసయ్యాడు. పట్టీలు పడ్డాయి, పేరూ పైకి వచ్చింది. క్వార్టర్లే లేవు. కొత్తగా కట్టాల్సినవి డబ్బు లేదని పునాదుల దగ్గరే ఆపేశారని రాశాడు. అందులో ఆయన తప్పేమీ లేదని నాకు తెలుసు. అయినా కోపమొచ్చి, మూడు ఉత్తరాలకు జవాబు రాయలేదు.

తర్వాత కూడా ఏడాదికి రెండు నెలల కాపురమే, ఆయన పెన్షన్ మీద ఇంటికి వచ్చేదాకా. వచ్చిన నెలకు ఒక పొడుగాటి కవరు వచ్చింది. మాకు ఫ్యామిలీ క్వార్టర్ మంజూరైందట. నంబరు వేశారు. పదిహేను రోజుల్లో కుటుంబంతో వచ్చి తాళం తీసుకోవాలట.

ఆయన రెండుసార్లు చదివి నా ముఖం వైపు చూశాడు.

"ఒక్కపారి పోయి చూసొద్దామా?"

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. కాయితం తీసుకుని ఆ నంబరు మీద వేలు పెట్టి చాలాసేపు చూశాను.

"చూసి ఏం జేస్తం? గా వరుసల నా అసుంటిది ఇంకొకామె ఎదురుచూస్తుంటది. ఆమెకు జల్దీ ఇయ్యమని రాయి," అన్నాను.

అప్పటికప్పుడే రాశాడు. కింద ఆయన సంతకం పెట్టాడు, పక్కన నేనూ పెట్టాను.