గౌరవం వల్ల పడిన గుంట

పనిచేసే చోట మర్యాద ఎంత నష్టం తెస్తుందో నేను ఐర్లాండ్‌లోని గాల్వేలో చూశాను.

నేను కాలేజీ మెట్లెక్కినవాణ్ణి కాదు. హైదరాబాద్ బాలానగర్ షెడ్లలో లేతు తిప్పుతూ, పాత పుస్తకాలు ముందేసుకుని యంత్రభాగాల డ్రాయింగ్ నేర్చుకున్నాను. ఈ వయసులోనూ ఇక్కడ వైద్య పరికరాలు చేసే ఓ చిన్న కంపెనీలో గీస్తున్నాను. మా బృందంలో ఎక్కువమంది తెలుగు పిల్లలే. అందరికీ నేను అంకుల్‌ని.

గుండెలోకి పంపే సన్నటి గొట్టానికి పిడి చేసే పని వచ్చింది. ప్లాస్టిక్ పోసే అచ్చులు చూసే కరీంనగర్ అమ్మాయికి మొదటిసారి బాధ్యత అప్పజెప్పారు. తొలి నమూనాలో బొటనవేలు ఆనేచోట గుంట పడింది. జీవితమంతా ఇనుముకు గీసిన చెయ్యి నాది. బలం కోసం లోపలి గోడ మందంగా పెట్టాను. ప్లాస్టిక్ చల్లారుతూ అక్కడే కుంగింది. రెండోదీ ఇలాగే వస్తే పని కార్క్ ఊళ్లోని మా శాఖకు పోతుందని పైవాళ్లు ఆ అమ్మాయికి తేల్చిచెప్పారు.

“ఇట్లా అవుతుందని నీకు ముందే తెలుసా?” అన్నాను.

“తెలుసు అంకుల్.”

“మరి చెప్పవేం?”

“మీరు గీసిన్రు గదా. ఎట్ల జెప్పాలె?”

ఒళ్లు మండింది. బాలానగర్‌లో మా మేస్త్రీకి గీత నచ్చకపోతే కాగితం మీదే టీ గ్లాసు పెట్టేవాడు. అవమానమే. కానీ తప్పు కాగితం దాటేది కాదు. ఇక్కడ ఇంత చదువుకున్నవాళ్లు తలలూపుతూ దాన్ని అచ్చుదాకా సాగనంపారు.

మర్నాడే పద్ధతి మార్చాను. డ్రాయింగ్ సగంలో ఉండగానే ప్రింటు తీసి బల్లమీద పరిచాను. అచ్చులవాళ్లనూ ప్యాకింగ్ వాళ్లనూ పిలిచి, తప్పులు ఎర్ర పెన్సిల్‌తో గుర్తించమన్నాను. ఒక్కరూ పెన్సిల్ ముట్టలేదు. నా ఎదుట గీయరని అర్థమై క్యాంటీన్‌కు వెళ్లిపోయాను. అద్దంలోంచి చూస్తే కాగితం మీద పడి పొడిచేస్తున్నారు, నవ్వుకుంటూ. మా ఐరిష్ మేనేజరు వచ్చి, మిమ్మల్ని బయటికి పంపేశారా అని అడిగాడు. నేను లేకపోతేనే పని తొందరగా అవుతోందని చెప్పాను.

తిరిగొచ్చేసరికి కాగితమంతా ఎరుపు. మందపు గోడను పల్చన చేసి, బలానికి లోపల సన్నటి పట్టీలు వేయమన్నారు. ఒక పట్టీ దగ్గర నేను ఒప్పుకోలేదు, చాలాసేపు వాదించాను.

“లేదంకుల్, మీరన్నట్టు జేస్తే మళ్ల కుంగుతది,” అంది ఆ అమ్మాయి, నా మొహంలోకే చూస్తూ.

కోపమొచ్చింది. ఆమె చెప్పినట్టే గీశాను.

రెండో నమూనా నున్నగా వచ్చింది. పని ఆమె చేతిలోనే ఉండిపోయింది. ఆ పిడి తెచ్చి నా అరచేతిలో పెట్టి, ఎట్లుందని అడిగింది. బాగుందన్నాను.

“బాగుందంటె నమ్మను అంకుల్. తప్పేందో చెప్పుండ్రి.”

కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూశాను. దొరకలేదు.