చెప్పులు విప్పి నేర్చుకున్న కారు

నలభై మూడేళ్ళ వయసులో నాకు కారు నేర్పిన మనిషికి రోడ్డు సరిగా కనపడదు. నేర్చుకున్న నాకు ఇంజను సరిగా వినపడదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే మా ఊరి రోడ్డు మీద మీరు కాస్త పక్కగా నడుస్తారని చెబుతున్నాను.

మాది నగరి. ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగు మరమగ్గాలు ఉన్నాయి. ఆరో తరగతిలో బడి మానేశాను. మానేశాను అనడం కూడా ఎందుకు, ఒకరికొకరం అక్కర్లేదని నేనూ బడీ ఒక మాటకు వచ్చాం. ముందు మా అమ్మ గుంట మగ్గం మీద కూర్చున్నాను. పెళ్ళయ్యాక కరెంటు మగ్గాల మధ్య నిలబడ్డాను. ఆ మోతలో పాతికేళ్ళు నిలబడిన వాళ్ళు చెవులు సగం షెడ్డులోనే వదిలేసి రావాలి. దగ్గరికొచ్చి గట్టిగా మాట్లాడితే నాకు వినపడుతుంది. గుసగుసలు మాత్రం నా ముందు ఎవరైనా ధైర్యంగా చెప్పుకోవచ్చు. చుట్టాలకు ఇది చాలా సౌకర్యం.

మా ఆయన మా అమ్మకు తమ్ముడు. ఊహ తెలిసినప్పటి నుంచి మామా అని పిలిచిన మనిషినే కట్టుకున్నాను కాబట్టి పిలుపు మార్చుకునే శ్రమ తప్పింది. నేసేది నేను, అమ్మేది ఆయన. ఎవరో వాడి వదిలేసిన తెల్ల కారు ఒకటి కొని, వెనక సీటు పీకేసి, ప్రతి గురువారం చీరల మూటలు వేసుకుని తిరుపతిలో అంగడికి నేరుగా ఇచ్చి వచ్చేవాడు. కారు రాకముందు మా చీరలు దళారి వచ్చి తీసుకుపోయేవాడు. ధర ఆయనే చెప్పేవాడు, వంకలూ ఆయనే పెట్టేవాడు. మేం కాఫీ ఇచ్చేవాళ్ళం.

చక్కెర జబ్బు మా ఆయన కళ్ళలోకి దిగింది. చూపుకు నడిమధ్య మబ్బు, చుట్టూ మాత్రం వెలుతురు. ఎదురుగా నిలబడితే నేను కనపడను, పక్కకు జరిగితే కనపడతాను. ఇక బండి తాకొద్దని డాక్టరు చెప్పాడు. మూడు వారాలు మూటలు బస్సులో వేసుకుపోయాడు. మూడో వారం మెట్టు కనపడక మూటతో సహా కింద పడ్డాడు. దెబ్బ మోకాలికి తగిలింది, పడిపోయింది మాత్రం ధైర్యం. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, పుత్తూరులో ఒకాయన కారు అడుగుతున్నాడని చెప్పాడు. రెండు నెలలు పోతే ఆయన చేతికి చిట్టీ వస్తుందట, అప్పుడు వచ్చి బండి తోలుకుపోతాడట.

కారు పోతే మూటలు మళ్ళీ దళారి చేతికే. కాఫీ మళ్ళీ నా చేతికే.

"నేను నేర్చుకుంటా మామా," అన్నాను.

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "రెండు నెలలే ఉండాయి మే," అన్నాడు.

డ్రైవింగు స్కూల్లో చేరాను. అక్కడి మాస్టరు మంచివాడే, కానీ ఆయన చదువంతా చెవిలో ఉంది.

"ఇంజను మాట ఇనక్కా. అది ఏడిస్తే గేరు మార్చల్ల."

"ఇప్పుడు ఏడస్తాందా?"

"రోడ్డు మీద పోయేవాళ్ళందరికీ ఇనపడతాండాదక్కా."

ఆరు రోజులు బండి ఏడ్చిందట. నాకు ఒక్క చుక్క వినపడలేదు. క్లచ్చు వదిలిన ప్రతిసారీ బండి కప్పలా ఎగిరి ఆగిపోయింది. ఏడో రోజు మాస్టరు మా ఇంటికే వచ్చి మా ఆయనతో చెప్పాడు.

"అన్నా, తప్పుగా అనుకోవద్దు. అక్కకు గేర్లు లేని బండి కొనీ. ఇది ఆయమ్మకు రాదు."

"మాకుండేది ఈ బండే కదప్పా," అన్నాడు మా ఆయన.

మాస్టరును వీధి దాకా సాగనంపి వచ్చాడు. తర్వాత తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నేను నేర్పిస్తా. రా."

"నీకు రోడ్డు కనపడదు కద మామా."

"రోడ్డు నువ్వు సూడు. ఇంజను నేను ఇంటా."

ఊరి బయట ఒక లేఅవుటు ఉంది. రాళ్ళు పాతారు, వీధులు వేశారు, ఇల్లు మాత్రం ఒక్కటీ లేవలేదు. తెలిసిన డ్రైవరు ఒకడు కారును అక్కడ నిలిపి పోయేవాడు. ఆ ఖాళీ వీధుల్లో మా బడి నడిచింది. మరమగ్గాల షెడ్డులో మాటలు వినపడవు కాబట్టి మాకు తట్టే భాష ఒకటి ఉంది. భుజం మీద ఒకసారి తడితే ఒక అర్థం, రెండుసార్లు తడితే ఇంకో అర్థం. ఆయన ఎడమవైపు సీట్లో కూర్చుని, ఇంజను ఏడ్చినప్పుడు నా మోచేతి మీద ఒక్కసారి తట్టేవాడు. గేరు పెంచాలని. రెండుసార్లు తడితే తగ్గించాలని. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నలుగురిలో నా చెయ్యి ముట్టుకోని మనిషి, పట్టపగలు రోడ్డు మీద గంటకు నూరుసార్లు ముట్టుకున్నాడు. రోడ్డు మీద మేకలు తప్ప ఎవరూ లేరులెండి.

ఆ మేకే మా కొంప ముంచింది. నాలుగో రోజు, బండి రెండో గేరులో చక్కగా పోతుంటే ఒక మేక అడ్డం వచ్చింది. నా ఎడమ చెయ్యి పోయి గేరు కడ్డీని ఒక్క గుంజు గుంజింది. కాళ్ళు మాత్రం ఏమీ ఎరగనట్టు ఉన్నచోటే ఉన్నాయి. గేరు ఊడిన బండి ఆగకుండా దొర్లింది. మేకను తప్పించడానికి స్టీరింగు తిప్పితే, పక్కనే వెదురు బొంగుల మీద ఆరేసిన ఆకుపచ్చ నూలు చుట్టల్లోకి, మా నేతగాళ్ళ మాటలో చిలపల్లోకి, పోయి నిలిచింది. అద్దం నిండా పచ్చి నూలు. కారుకు ముసుగు వేసినట్టయింది.

అద్దకం పని చేసే పెద్దాయన ఒకడు అక్కడ చిలపలు ఆరేసుకుంటాడు. ఆయన వచ్చి ముందు నూలు తీసుకున్నాడు, తర్వాత అద్దంలోంచి నన్ను చూశాడు.

"ఏమ్మా, కడ్డీ అట్ల గుంజితివి? మగ్గం అనుకుంటివా నిలిచిపోయేదానికి?"

"లేదు తాతా. మేక..."

"మేకకేం కాలేదులే. నా నూలుకే పెండ్లి అయిపాయ."

చిలపలు తిరిగి ఉతికి ఆరేసిస్తామని ఒప్పుకున్నాం. ఇంటికొచ్చి ఉతుకుతూ నేను ఏడ్చాను. బండి ఏడుపు కన్నా నాదే గట్టిగా ఉన్నట్టుంది, మా ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఆ తాత చెప్పింది నిజమే మే," అన్నాడు.

"ఏం నిజం?"

"పోగు తెగితే నువ్వు ఏం జేస్తావు? ఎడమ చేత్తో పిడి గుంజుతావు, మగ్గం నిలిచిపోతాది. పాతికేండ్లు అదే జేసినావు. ఈడా అదే జేస్తివి. నీకు బండి రాక కాదు. నీకు మగ్గం శానా బాగా వచ్చు."

ఎవరైనా నన్ను ఇంత మర్యాదగా తిట్టడం అదే మొదలు.

మర్నాడు ఆయన జేబులో తెల్ల నూలు కండె ఒకటి పెట్టుకొచ్చాడు. ఒక్క పోగు తీసి ఒక కొస నా ఎడమ మణికట్టుకు, ఇంకో కొస స్టీరింగుకు ముడి వేశాడు. తన కళ్ళకు ఆ పోగు కనపడదు. అయినా నేతగాళ్ళ ముడికి కళ్ళతో పనిలేదు, వేళ్ళు చాలు. ఊరికే గుంజినా తెగిపోయే పోగు. మొదటి గేరులోనే, నేరుగా ఉండే వీధిలోనే పోవాలి. ఆయన "మేక" అని అరిస్తే కాలితో బ్రేకు తొక్కాలి. పోగు తెగితే ఆ సారికి నేను తప్పినట్టు.

మొదటి రోజు పన్నెండు ముడులు వేశాడు. నేను పోగు తెంపినప్పుడల్లా మళ్ళీ కండె తీసేవాడు. రెండో రోజు నూలు తక్కువ పట్టింది. నాలుగో రోజు నిజంగానే ఒక కుక్క అడ్డం పరుగెత్తింది. బండి ఆగింది, కుక్క పోయింది, పోగు అట్లే ఉంది. ఆయన వేళ్ళతో తడిమి చూసుకుని, "ఉండాది," అన్నాడు. అంతే. పదో తరగతి పాసైన వాళ్ళకు ఎట్లా ఉంటుందో నాకు తెలియదు, నాకు మాత్రం అట్లా ఉంది.

క్లచ్చు మాత్రం ఇంకా లొంగలేదు. బండి కదిలేటప్పుడు కప్ప గంతు పోలేదు. ఒక సాయంత్రం అట్లా అయిదుసార్లు గంతులేశాక ఆయన ఇంజను ఆపమన్నాడు.

"మీయమ్మ గుంట మగ్గం మీద ఎట్ల తొక్కతా ఉన్న్యావు?"

"ఒక కాలు దించితే ఇంకో కాలు లేపతా ఉన్న్యా."

"టక్కున లేపితే?"

"పోగులు తెగతాయి కద మామా. మెల్లగా లేపల్ల."

"పోగు బిగిసింది నీకెట్ల తెలస్తా ఉన్నింది? చెవికి ఇనపడతా ఉన్నిందా?"

గుంటలో కాళ్ళు పెట్టుకుని, ఒట్టి పాదాలతో ఆ తొక్కుడు చెక్కలు తొక్కిన రోజులు గుర్తొచ్చాయి. కరెంటు మగ్గాలు వచ్చాక కాళ్ళకు నిలబడడం తప్ప పనే లేకుండా పోయింది.

"కాలికి తెలస్తా ఉన్నింది," అన్నాను.

"చెప్పులు ఇప్పు," అన్నాడు.

విప్పాను. ఒట్టి పాదంతో క్లచ్చు మెల్లగా లేపాను. సగం లేచేసరికి మడమ కింద సన్నగా వణుకు పుట్టింది. బండి పోదామంటున్నట్టు. అక్కడ కాలు నిలిపి, కుడికాలు కొంచెం దించాను. ఒక కాలు దిగుతుంటే ఒక కాలు లేస్తోంది. కారు నీళ్ళ మీద పడవలా కదిలింది. నేను ఆయన వైపు చూశాను. రోడ్డు చూడకుండా నన్నెందుకు చూస్తున్నావని ఆయన అడగలేదు, నా వైపే తిరిగి కూర్చున్న ఆయనకు ఎదురుగా ఉన్న నా ముఖం కనపడదు కాబట్టి. కానీ కింద ఆయన కాళ్ళు కనపడ్డాయి. ఏ పెడలూ లేని ఆ ఎడమవైపు నేల మీద, ఆయన ఎడమకాలు లేస్తోంది, కుడికాలు దిగుతోంది. నాతో పాటు ఆయనా తోలుతున్నాడు.

ఆ తర్వాత గేరు ఎప్పుడు మార్చాలో కూడా పాదమే చెప్పింది. ఇంజను ఏడ్చేది చెవికి వినపడకపోయినా అరికాలికి చక్కిలిగింత పెడుతుంది. రోజులు పోయేకొద్దీ ఆయన తట్టడం తగ్గింది. ఒకరోజు లెక్క చూస్తే సాయంత్రమంతా ఒక్కసారే తట్టాడు, అదీ దోమ.

లైసెన్సు దగ్గర చెవుల సంగతి దాచలేదు. డాక్టరు పరీక్ష చేసి, అద్దాలు ఎక్కువ చూసుకొమ్మని చెప్పి సంతకం పెట్టాడు. ఎనిమిది అంకె వేసి చూపించమన్నారు. బడిలో వేసిన దానికన్నా గుండ్రంగా వేశాను.

పుత్తూరాయన ఆదివారం వస్తానని కబురు పెట్టాడు. దానికి ముందు గురువారం మేం మూటలు వేసుకుని తిరుపతి బయలుదేరాం. పుత్తూరు దాకా బాగానే పోయాం. వడమాలపేట దాటాక టోల్ గేటు దగ్గర బండ్లు బారు కట్టాయి. ముందు లారీ, వెనక బస్సు. లారీ కదిలింది. నేను కంగారులో క్లచ్చు టక్కున వదిలాను. బండి ఆగిపోయింది. మళ్ళీ వేశాను, మళ్ళీ ఆగిపోయింది. అద్దంలో బస్సు డ్రైవరు నోరు కదులుతోంది. వినపడకపోయినా ఏమంటున్నాడో తెలుస్తోంది.

మా ఆయన వైపు చూశాను. బస్సు హారన్ ఆయనకు నిండుగా వినపడుతోంది, నుదుటి మీద చెమట పట్టింది. తడతాడేమోనని చూశాను. ఆయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏం చేయమంటావు మామా?"

"నన్నేం అడగతావు. కాలునడుగు."

అప్పుడు చూసుకుంటే కాళ్ళకు చెప్పులున్నాయి. తిరుపతిలో అంగడికి పోతున్నామని కొత్త చెప్పులు వేసుకొచ్చాను. విప్పి పక్కకు తోశాను. క్లచ్చు మెల్లగా లేపాను. మడమ కింద వణుకు వచ్చింది, కుడికాలు దిగింది, బండి కదిలింది. గేటు దాటింది. ఆ వెనక బస్సు మమ్మల్ని దాటి పోతూ ఇంకేదో అంది, మేం పట్టించుకోలేదు.

అంగడాయన మూటలు దించుకుని, డ్రైవరు యాడప్పా అని మా ఆయన్ను అడిగాడు. మా ఆయన నా వైపు చెయ్యి చూపించాడు. నేను సరిగ్గా ఎదురుగా నిలబడి ఉన్నాను, అంటే ఆయనకు కనపడని చోట. అయినా చెయ్యి తప్పలేదు.

ఆయన పదేళ్ళు ఇష్టంగా చేసిన పని అది. కారు తోలేటప్పుడు కూనిరాగం తీసేవాడని మా చుట్టాలు చెబుతారు, నాకు వినపడలేదు. ఆ పని తన చేతుల్లోంచి పోతుంటే, దాన్ని పోగులు తెగకుండా నా చేతికి ఎక్కించాడు. ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. నాకు రాదని ఎవరన్నా ఆయన నమ్మలేదు, నేనన్నా నమ్మలేదు. దేవుడికి చాలా మొక్కులున్నాయి నాకు. ఈ ఒక్కటి మాత్రం మా ఆయనకే చెల్లుతుంది.

ఇంటికొచ్చాక పుత్తూరాయనకు ఫోను చేసి ఇవ్వమన్నాడు, అంకెలు కనపడవు కాబట్టి. ఫోను కలిపి, మాట బయటికి వినపడేట్టు పెట్టాను.

"ఆదివారం రావద్దుప్పా. బండి అమ్మడంల్యా," అన్నాడు మా ఆయన.

"ఏమన్నా? గేరుబాక్సులో ఏమన్నా కంప్లైంటా?" అని అడిగాడు అవతలాయన.

మా ఆయన జవాబు చెప్పడానికి నోరు తెరిచి, ఆగి, ఫోను నా వైపు జరిపాడు.

"గేర్లు శానా బాగుండాయన్నా," అన్నాను. "నేనే తోలతాండా."